చీరల మధ్య నక్కల దారి

నక్క చస్తే నీకేంటి అని నన్ను అడగని మనిషి మా చుట్టుపక్కల లేడు. జగ్గయ్యపేట బస్సులో అడిగారు, టీ బంకు దగ్గర అడిగారు, నందిగామలో కంటి ఆపరేషన్ చేసిన డాక్టరుగారు కట్టు విప్పుతూ అడిగారు. పులి చస్తే పేపర్లో ఫొటో వేస్తారు. నెమలి చస్తే ఫారెస్టు వాళ్ళు జీపు వేసుకుని వస్తారు. నక్క చస్తే మాత్రం లారీల టైర్లు దాన్ని తారులో కలిపేసేదాకా ఒక్కడు బ్రేకు మీద కాలు వెయ్యడు. పైగా పొద్దున్నే నక్క ఎదురైతే అదృష్టమట! బతికున్న నక్కను చూసి లాటరీ తగిలినంత సంబరపడే జనం, చచ్చిన నక్కను దాటుకుంటూ పోతారు. నాకు అక్కడే మండుతుంది.

అయినా ఇప్పుడు రాస్తున్నది ఏడుపు కాదు. గెలిచిన సంగతి. మధ్యలో ఎక్కడన్నా కోపం వస్తే ఓర్చుకోండి, అది నా స్వభావం.

మా ఊరు ఆ రెండు పట్నాలకీ మధ్య, హైవేని ఆనుకుని ఉంటుంది. ఊరికి ఒకవైపు గుట్ట. రెండోవైపు, రోడ్డు దాటాక, మున్నేట్లో కలిసే వాగు. నక్కల బొరియలు గుట్ట మీద, వాటి నీళ్ళూ పీతలూ ఎలుకలూ వాగు దగ్గర. పొద్దుగూకే వేళ గుట్ట మీద ఒకటి ఊళ ఎత్తుకుంటే తక్కినవి అందుకునేవి. కాసేపటికి అవే గొంతులు వాగు ఒడ్డున వినిపించేవి. గుట్ట మీద ఊళకి మా అమ్మ పొయ్యి ముట్టించేది, వాగు ఒడ్డు ఊళకి మమ్మల్ని అన్నాలకి పిలిచేది. ఆ రెండు ఊళల మధ్య నక్కలు నడిచి వచ్చే దారి మా డొంక. పొలాల మధ్య ఎడ్లబళ్ళు పోయే బాట అది, అటూ ఇటూ తుమ్మచెట్లూ జిల్లేళ్ళూ. పగలు బళ్ళు నడిచేవి, పొద్దుగూకాక నక్కలు నడిచేవి. ఎవరి వేళ వాళ్ళది, ఎవరికీ పేచీ లేదు.

నేను బడిలో చదివింది తక్కువ. నిక్కర్ల వయసులోనే జగ్గయ్యపేటలో ఒక శెట్టిగారి హోల్‌సేల్ కొట్లో పొట్లాలు కట్టడానికి కుదిరాను. పొట్లాల కోసం పాత పుస్తకాలు తూకానికి కొనేవారు. నేను ప్రతి కాగితం చదివి గానీ చింతపండు పెట్టేవాణ్ణి కాదు. "ఒరేయ్, పొట్లం కట్టమంటే పారాయణం చేస్తావేంట్రా" అని శెట్టిగారు నెత్తిన మొట్టేవారు. అందుకే నా చదువు ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఏనుగులు ఏ దారిన బయలుదేరతాయో చదివాను. ఎక్కడికి చేరతాయన్నది ఎవరింటికో కందిపప్పుతో పాటు వెళ్ళిపోయింది. తరవాత నందిగామ లైబ్రరీలో కూర్చుని అలాంటి చివరలు చాలా వెతికి పట్టుకున్నాను. కొన్ని ఇంకా దొరకలేదు. నాన్న పోయాక పొలానికి తిరిగొచ్చేశాను. మిర్చి, పత్తి, రెండో పంటగా కాస్త మొక్కజొన్న.

రోడ్డు వెడల్పు చేశాక కూడా నక్కలు కొన్నాళ్ళు తట్టుకున్నాయి. డొంక హైవే కిందుగా ఒక కల్వర్టులోంచి పోయేది. కాంట్రాక్టరు దాన్ని పొడిగించి, మిగిలిన మట్టి దాని మూతిలోనే పోసి చేతులు దులుపుకుని పోయాడు. బళ్ళు ఆగిపోయాయి గానీ నక్క దూరేంత సందు మిగిలింది. ఈమధ్య కొన్నేళ్ళుగా మాత్రం నక్కలు ఆ సందు వదిలేసి రోడ్డు మీదికి ఎక్కడం మొదలుపెట్టాయి. అదీ ఎక్కడపడితే అక్కడ కాదు, ధాబా పక్కన మలుపు దగ్గరే. అటు ఎక్కితే మధ్యలో డివైడరు గోడ. గోడ ముందు నిలబడి ఎటు పోవాలో తెలియక వెనక్కి తిరిగేవి. అంతే.

ఎవరు చేశారు ఈ పని? నాకు అనుమానమే లేదు. గుట్ట వెనక సున్నపురాయి క్వారీ ఉంది. రోజూ మధ్యాహ్నం పేలుస్తారు, మా ఇంట్లో గిన్నెలు కదులుతాయి. ఆ చప్పుడుకి బెదిరి నక్కలు దారి తప్పుతున్నాయని నేను తీర్మానించాను. క్వారీ సూపర్‌వైజరు జీపు కనబడితే ఆపి మరీ తిట్టేవాణ్ణి. ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఒక ఆఫీసులో గుమాస్తా, "నక్కల తరఫున మీరు వచ్చారాండీ?" అని నవ్వాడు. "అవునయ్యా, మనుషుల తరఫున నువ్వున్నావుగా, ఇక నేను వాటి తరఫునే ఉండాలి" అని వచ్చేశాను.

ఆ రోజుల్లోనే మా ఊరికి ఒక అమ్మాయి వచ్చింది. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. మనుషులు చేసే పనుల వల్ల జంతువుల నడక ఎలా మారుతుంది, ఆ మార్పుని ఏవి తట్టుకుంటాయి, ఏవి తట్టుకోలేవు అన్నది ఆమె చూసే విషయం. మా వీధిలో మేడ మీద గది తీసుకుంది. చెట్లకి కెమెరా డబ్బాలు కట్టింది. వాటి ముందు నుంచి ఏది కదిలినా ఫొటో పడుతుందట. ఒకరోజు మా అరుగు మీదికి వచ్చి కూర్చుంది.

"తాతగారూ, ఇక్కడ నక్కల గురించి మిమ్మల్నే అడగమన్నారండి."

"క్వారీ చంపుతోంది. రాసుకో."

"రాసుకుంటానండి. ఎలా చంపుతోందో కూడా చెప్తారా?"

"పేలుళ్ళకి బెదిరి రోడ్డెక్కుతున్నాయి. ఇంకేం చెప్పాలి?"

"పేలుళ్ళు మధ్యాహ్నం కదండీ. ఇవి చచ్చిపోయేది పొద్దునా సాయంత్రమూను."

"మధ్యాహ్నం బెదిరినవి సాయంత్రం దాకా బెదిరే ఉంటాయి" అన్నాను. ఆ మాట నాకే రుచించలేదు, కానీ వెనక్కి తీసుకునే అలవాటు లేదు.

లోపల్నుంచి మా ఆవిడ, "ఆయనతో వాదన పెట్టుకోకమ్మా, కాఫీ చల్లారిపోద్ది" అంది.

వాదన మాత్రం పెట్టుకున్నాం. రోజూ. ఆ పిల్లకి నా జ్ఞాపకం కావాలి, ఎక్కడ బొరియలుండేవి, ఏ చెట్టు కింద ఆగేవి అని. నాకు ఆమె కెమెరాల్లో పడ్డ ఫొటోలు కావాలి. నక్కే ఎందుకు ముందు పోతుందో నాకు విడమరిచింది కూడా ఆమే. పందిని నాలుగు చోట్ల తరిమినా ఐదో చోట గుంపుగా పెరుగుతుందట. కుందేలు త్వరత్వరగా పిల్లల్ని పెడుతుంది. నక్క అలా కాదు. ఆడా మగా జంట కట్టి ఒకే చోటుని పట్టుకుని ఉంటాయి, తల్లి నడిచిన దారే పిల్లలు నేర్చుకుంటాయి. "దారి చెడితే కొత్త దారి వెతుక్కునే లోపే అయిపోతాయి తాతగారూ. ఇప్పుడు గుట్ట మీద ఒక్క జంటే మిగిలింది. తల్లి పాలిస్తోంది, నిన్న ఫొటోలో కనబడింది. అది కూడా ఆ మలుపు దగ్గర ఎక్కిందంటే ఇక్కడ నక్కలు అయిపోయినట్టే."

ఊళ ఆగిపోయిన సాయంత్రం ఎలా ఉంటుందో నేనెప్పుడూ ఊహించుకోలేదు. పొద్దు గూకినట్టు ఎవరు చెప్తారు, ఈ టీవీ సీరియళ్ళా?

ఇంతలో లారీల వాళ్ళ సమ్మె వచ్చింది. రాయి మోసే బండి లేక క్వారీ పేలుళ్ళు ఆపేసింది. గిన్నెలు కదల్లేదు. నేను లోలోపల పండగ చేసుకున్నాను, ఇప్పుడు తేలుతుంది చూడు అని. తేలింది. సమ్మె ఇంకా నడుస్తుండగానే, ఒక వేకువన, అదే మలుపు దగ్గర బస్సు కింద పడి ఒక పడుచు నక్క చచ్చిపోయింది. కిందటేటి పిల్ల, తల్లితో ఉండి చిన్నవాటిని సాకే నక్క అని ఆ అమ్మాయి గుర్తుపట్టింది.

రోడ్డు పక్కన ఇద్దరం నిలబడ్డాం. ఆమె పుస్తకం తీసి తేదీ రాసుకుంది. నన్ను ఏమన్నా అనుంటే బాగుండేది, తిరిగి తిట్టడానికి వీలుండేది.

"క్వారీ కాదు" అన్నాను చివరికి. "ఇది కాదు. గుట్టని తినేస్తున్నందుకు, దుమ్ముకి వాళ్ళను వదలను, అది వేరే లెక్క."

"వేరే లెక్కేనండి" అంది.

దానికి జవాబు వానలో వచ్చింది. కల్లాల్లో మిర్చి ఎండబోసిన కాలం అది. మబ్బు లేకుండా దిగిన వాన. ఊరు ఊరంతా పట్టాలు పట్టుకుని కల్లాల మీదికి పరిగెత్తింది. మర్నాడు పొద్దున్నే ఆ అమ్మాయి మా గుమ్మంలో నిలబడి, "తాతగారూ, నేల మెత్తగా ఉంది, రండి" అంది. కాయలు తిరగేయాలని మా ఆవిడ అరుస్తున్నా వెళ్ళాను.

రేగడి నేల వాన తరవాత ఏదీ దాచుకోదు. గుట్ట కింద నక్క అడుగులు దొరికాయి, చక్కగా డొంక వైపే దిగుతున్నాయి. పాత దారి మరిచిపోలేదు! నాకు ఛాతీ ఉప్పొంగింది. వాటి వెంటే నడిచాం. డొంక మొదట్లోకి వచ్చి అడుగులు ఆగిపోయాయి. అక్కడక్కడే తిరిగాయి. తరవాత పక్కకి మళ్ళి, పొలాల వారగా పోయి పోయి, సరిగ్గా ధాబా మలుపు దగ్గర కట్ట మీదికి ఎక్కాయి.

ఆ అడుగులు ఆగిన చోట ఏముందో తెలుసా? చీరలు.

మా వైపు పొలాలు చూడనివాళ్ళకి చెప్పాలి. అడవిపందులు మొక్కజొన్న కంకుల్ని ఒక్క పూటలో నేలపాలు చేస్తాయి. కరెంటు తీగ పెడితే మనుషులే చస్తున్నారు. అందుకని పాత చీరలు కర్రలకి కట్టి పొలం చుట్టూ లాగుతాం. గాలికి రెపరెపలాడతాయి, మనుషుల వాసన వేస్తాయి, పందులు అనుమానపడి రావు. ప్రతి ఇంటినుంచీ చీరలు వస్తాయి. ఏ చీర ఎవరిదో ఆడవాళ్ళందరికీ తెలుసు. మంచి చీర పొలానికి పోయిందని అత్తాకోడళ్ళు వారం మాట్లాడుకోని ఇళ్ళున్నాయి. ఏటా ఒక రైతుని చూసి పక్క రైతు కట్టాడు. డొంకని అటునుంచి ఇటునుంచి దున్నుకుంటూ సన్నం చేసి, పందులు అందులోంచే వస్తున్నాయని చివరికి దాని మూతికి అడ్డంగా కూడా కట్టేశాం. ఎవరి పొలానికి వాళ్ళు కట్టుకున్నామనే అనుకున్నాం. అన్నీ కలిసి గుట్టకీ వాగుకీ మధ్య గోడ అయిందని ఎవరం చూడలేదు. ఆ గోడ అయిపోయే చోటే మలుపు.

డొంక మూతికి అడ్డంగా ఉన్న చీర చిలకపచ్చది, మామిడి పిందెల అంచు. జగ్గయ్యపేటలో శెట్టిగారు పండక్కి నాకు బట్టలు పెట్టినప్పుడు మా ఆవిడకని అడిగి తెచ్చింది. నేను ఆ అంచు పట్టుకుని నిలబడిపోయాను.

"ఎవరిదండీ?" అంది ఆ అమ్మాయి.

"మన పార్టీదే" అన్నాను.

ఆమె నవ్వు ఆపుకోలేక గట్టు మీద కూలబడింది. తను కూడా ఈ చీరల పక్కనుంచే రోజూ నడిచిందట, రంగులు బాగున్నాయని ఫొటోలు కూడా తీసుకుందట, జంతువులకి అడ్డమని మాత్రం తట్టలేదట. నాకు కాస్త ఊరట కలిగింది.

ఆ సాయంత్రమే టీ బంకు దగ్గర రైతుల్ని పోగుచేశాను. డొంకకి అటూ ఇటూ ఎక్కువ మొక్కజొన్న ఉన్నది మా బావకి. బావ అంటే మా మేనత్త కొడుకు, నాకన్నా చిన్నవాడైనా నోరు నాకన్నా పెద్దది.

"ఏంటి బావా, నక్కల కోసం పందులకి గేటు తియ్యమంటావా? మరి కంకులు నీ లైబ్రరీలో పండిద్దామా?"

"నక్కలకి ఆధార్ కార్డులు ఇప్పించండి బాబాయ్, దారి హక్కు అదే వస్తది" అన్నాడు బంకు అతను.

అందరూ నవ్వారు. నేను లేచి అరిచాను. అరిచినకొద్దీ వాళ్ళు ఇంకా నవ్వారు. అప్పుడు ఆ అమ్మాయి ఫోన్‌లో తల్లి నక్క ఫొటో అందరికీ చూపించి, ఇది చచ్చిపోతే పొలాల్లో ఎలుకలకి అడ్డుండదని నెమ్మదిగా చెప్పింది. బావ ఫొటో చాలాసేపు చూశాడు. "బాగుంది. కానీ చీరలు తీస్తే ఒప్పుకోను" అన్నాడు.

కల్లం నుంచి ఇంటికి పోతూ మా ఆవిడ అక్కడ ఆగింది. "తియ్యమని ఎవరన్నారన్నయ్యా? అడ్డంగా కట్టినవి నిలువుగా కట్టండి. కల్లంలోకి మేకలు రాకుండా మనం రెండు వరసలు లాగి, మధ్యనుంచి తోలుకుపోమా?"

ఆమె చెప్పింది అందరి కళ్ళకీ కట్టింది. గుట్ట దగ్గర్నుంచి కల్వర్టు దాకా డొంకకి రెండు పక్కలా చీరలు. పొలాలకి కాపలా ఉన్నట్టూ ఉంటుంది, మధ్యలో దారి ఉన్నట్టూ ఉంటుంది. పందులు దిగినా ఆ సందులోంచి నీళ్ళకి పోతాయి. ఇన్నేళ్ళూ పుస్తకాల్లో వలసల గురించి వెతికిన నాకు ఇది తట్టలేదు, ఆ పిల్ల ల్యాప్‌టాప్‌కీ తట్టలేదు. నాకు అసూయ వేసింది, గర్వంగా కూడా ఉంది.

"ఒక్క కంకి పోయినా నీ చేలో కోసుకుంటా బావా" అన్నాడు మా బావ.

"కోసుకో. పోకపోతే నువ్వే వచ్చి అందరి ముందు చెప్పాలి."

ఇక కల్వర్టు. ఆ మట్టి పలుగూ పారా పెట్టి తీసేది కాదు, జేసీబీ కావాలి. దగ్గర్లో ఉన్న జేసీబీ ఎవరిదో మీరు ఊహించే ఉంటారు. నేను క్వారీ గేటు దగ్గరికి నడిచి వెళ్ళాను. సూపర్‌వైజరు నన్ను చూడగానే జీపు అద్దం ఎక్కించాడు. మళ్ళీ దించాడు.

"పెద్దాయనా, ఇవాళ దుమ్ము గురించా, చప్పుడు గురించా?"

"కల్వర్టు గురించి. మీ జేసీబీ ఒక పూట కావాలి."

"నిన్నటిదాకా దాన్ని తగలబెడతానన్నారు కదండీ!"

"తగలబెట్టేదేమన్నా ఉంటే కల్వర్టు బాగయ్యాక చూద్దాం."

పగలబడి నవ్వాడు. మర్నాడే బండి పంపాడు. మట్టి, సిమెంటు సంచులు, సీసాలు, ఒక మోటార్ సైకిల్ సీటు కూడా బయటికొచ్చింది. పొద్దెక్కేసరికి కల్వర్టు అవతలి వెలుతురు ఇవతలికి కనబడింది. ఎన్నేళ్ళకి! నేను వంగి అందులోంచి నడిచి వాగు వైపు తేలాను. నడుం పట్టేసింది, ఎవరికీ చెప్పలేదు.

చీరలు కట్టిన రోజు మా ఊరి ఆడవాళ్ళు చేసిన హడావుడి చెప్పలేను. పాతవి చాలక ఇళ్ళనుంచి ఇంకా తెచ్చారు. "ఇది మా అత్తగారిది, ముందు వరసలో కట్టండి, నక్కలు జడుసుకోకుండా పోతాయో లేదో చూద్దాం" అని ఒక కోడలు అంటే, వెనకే ఉన్న అత్తగారు, "నీదీ తెచ్చానే, ఎదురుగా కడతా, చూసుకుంటా ఉందాం" అంది. గుట్ట కింద మొదలై కల్వర్టు దాకా ఎరుపులూ పసుపులూ నీలాలూ రెండు వరసలుగా గాలికి ఊగుతుంటే, హైవే మీద పోయే కార్లు ఆపి ఏం తిరునాళ్ళండీ అని అడిగారు. చిలకపచ్చ చీరని మా ఆవిడే విప్పి, దారి మొదట్లో కుడిపక్కన తన చేత్తో కట్టింది.

తరవాత ఎదురుచూపు. వాగు వైపు కల్వర్టు మూతికి ఆ అమ్మాయి కెమెరా డబ్బా పెట్టింది. రోజూ పొద్దున్నే అరుగు మీద ఇద్దరం ఫొటోలు చూసేవాళ్ళం. మొదట ఊరకుక్కలు. తరవాత ముంగిస. ఒక ఉడుము. ఒక పూట మా టీ బంకు అతను చెంబు పట్టుకుని పోతూ ఫొటోలో పడ్డాడు, ఆ ఫొటో ఊరంతా తిరిగింది, అతను మాకు టీ పొయ్యడం మానేశాడు. పందులు పడ్డాయి, పిల్లలతో సహా, బుద్ధిగా వరసలో. బావ రోజూ చేలో కంకులు చూసుకుని వచ్చి, ఏమీ పోలేదన్న మాట మింగేస్తూ, "నక్కేది బావా? చీరలు నచ్చలేదేమో, పట్టువి కట్టమందా?" అనేవాడు.

పొద్దుగూకితే గుట్ట మీద ఊళ వినిపించేది. వాగు వైపు నిశ్శబ్దం. నేను మలుపు వైపు చూడడానికి భయపడేవాణ్ణి.

ఒక పొద్దున ఆ అమ్మాయి మేడ మెట్లు దిగలేదు, దూకింది. చెప్పులు కూడా లేవు. ఫోన్ నా చేతిలో పెట్టింది. కల్వర్టు మూతి దగ్గర తల్లి నక్క, తల తిప్పి వెనక్కి చూస్తోంది. దాని వెనక చీకట్లోంచి బయటికొస్తూ చిన్న చిన్న చెవులు. పిల్లలు. తల్లి దారి చూపిస్తోంది, పిల్లలు నేర్చుకుంటున్నాయి. అన్నిటి కాళ్ళూ నేల మీదున్నాయి, తారు మీద కాదు.

నేను ఆ ఫోన్ పట్టుకుని వీధి వీధీ తిరిగాను. సిగ్గేముంది? కన్ను ఆపరేషన్ చేసిన డాక్టరుగారికి కూడా నందిగామ వెళ్ళి చూపించి వచ్చాను. నక్క చస్తే నీకేంటన్నారుగా, బతికితే ఏంటో చూడండి అన్నాను. క్వారీ సూపర్‌వైజరుకీ చూపించాను. ఆయన ఆ ఫొటో తన ఫోన్‌లో వేయించుకున్నాడు. ఆ సంతోషంలోనే దుమ్ము సంగతి కూడా గుర్తుచేశాను. జీపు అద్దం ఎక్కించాడు.

కంకులు విరిచి ఇంటికి చేర్చాక మా బావ టీ బంకు దగ్గరికి వచ్చి అందరి ముందు నిలబడ్డాడు. "ఒక్క కంకి పోలేదు. మా చెల్లెమ్మ గెలిచింది" అన్నాడు. నా పేరు ఎత్తలేదు, దొంగ. పరిటాల వైపు నుంచి రైతులు కొందరు మోటారు సైకిళ్ళ మీద వచ్చి డొంక పొడుగునా నడిచి, కర్రకీ కర్రకీ మధ్య ఎంత ఎడం పెట్టారో అడిగి వెళ్ళారు. వాళ్ళకి వివరాలు చెప్పింది బావే. ఆలోచన మొదట్నుంచీ తనదే అన్నట్టు చెప్పాడు. నేను ఊరుకున్నాను. నా జీవితంలో నేను ఊరుకున్న సందర్భాలు తక్కువ.

నిన్న పొద్దుగూకే వేళ అరుగు మీద కూర్చున్నాను. గుట్ట మీద ఊళ ఎత్తుకున్నాయి. మా ఆవిడ లోపల గ్యాస్ వెలిగించింది. హైవే మీద లారీలు పోతూనే ఉన్నాయి. మలుపు దగ్గర ఎవరూ బ్రేకు వెయ్యలేదు, వెయ్యాల్సిన పని పడలేదు. కాసేపటికి వాగు ఒడ్డున ఒక గొంతు లేచింది, దాని వెనక ఇంకా సరిగా విచ్చుకోని సన్నటి గొంతులు.

"అన్నానికి రండి" అని పిలిచింది మా ఆవిడ.

వెంటనే లేవలేదు. ఆ చిన్న గొంతులు ఇంకోసారి వినిపించేదాకా కూర్చున్నాను. వినిపించాయి.